కాలు తీస్తే ఆగే మిషను

ఈర్ష్య పడకూడదని మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉంటారు. మా పాస్టరు గారు నెలకోసారైనా చెబుతారు. మా ఆవిడ రోజూ చెబుతుంది. అందుకని ఆ పని నేను పెట్టుకోను. చేతిపనిలోకి కొత్తగా వచ్చే మీలాంటివాళ్ళకి నేను చెప్పదలిచింది ఒక కాలి గురించి. నా కాలు కాదు, పక్క మనిషి కాలు. దాన్ని చూసి నేను కొన్నేళ్ళపాటు కుళ్ళిపోయాను. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఆ కుళ్ళు ఇంకా పూర్తిగా పోలేదు.

నా ఉద్యోగమంతా ఏలూరులో చెక్క అక్షరాలు కోసే షాపులో గడిచింది. ఇళ్ళ గేట్ల పక్కన పెట్టే పేరు పలకలు, బడులకీ ఆసుపత్రులకీ బోర్డులు, పూజామందిరాలకి జాలీలు, చర్చిలకి శిలువలు చేసేవాళ్ళం. మాది పెంటపాడు మండలంలో ఒక ఊరు. పొద్దున్నే తాడేపల్లిగూడెంలో పాసింజరు ఎక్కి ఏలూరులో దిగేవాణ్ణి. సాయంత్రం చెవుల నిండా రంపప్పొట్టుతో తిరుగు బండి ఎక్కేవాణ్ణి. షాపులో అందరూ మేస్త్రి గారూ అని పిలిచేవారు. ఆ ‘గారు’ నాకు తేలిగ్గా వచ్చింది కాదు.

మా పనికి వాడే మిషనుని స్క్రోల్ సా అంటారు. కుట్టుమిషను సూదిలాగా సన్నటి రంపం బ్లేడు ఒకే చోట పైకీ కిందకీ ఆడుతూ ఉంటుంది. దాని ముందు చెక్కని మనమే తిప్పుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలైతే గీతలే ఎక్కువ, గబగబా అయిపోతాయి. మన అక్షరాలు వంపు మీద వంపు, పైగా మధ్యలో కన్నాలు. ఒక్క ‘మ’ కోయాలన్నా మిషను ఆపి, బ్లేడు పై కొస విప్పి, చెక్కలో వేసిన కన్నంలోంచి దూర్చి, మళ్ళీ బిగించి మొదలుపెట్టాలి.

నేను పని నేర్చుకున్నది కరెంటు మిషను మీద కాదు, తొక్కుడు మిషను మీద. కింద ఇనప పెడలు, పక్కన చక్రం. నాకు పని నేర్పిన ముసలి మేస్త్రి నా చేతులకేసి చూసేవాడే కాదు, ఎంతసేపూ కాలికేసే చూసేవాడు. “వేళ్ళతో తొక్కితే పరిగెడద్దిరా. మడమ ఆనిస్తే నెమ్మదిస్తాది. అరికాలు మొత్తం అదిమితే ఆగిపోద్ది. వంపు కాడ ఆపేవంటే చెక్క మీద మచ్చ పడద్ది. మడమతో నెమ్మది చేసుకుని తిరిగిపో,” అనేవాడు. ఆ మడమ సంగతి వంటబట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. వంటబట్టాక మాత్రం ‘ఘ’ లాంటి వంకర అక్షరాన్ని కూడా ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపులో తిప్పి తీసేవాణ్ణి. ఏలూరులో అలా తీసేవాడు ఇంకొకడు లేడని జనం అనేవారు. జనం అనకపోయినా నేను అనుకునేవాణ్ణి.

తర్వాత షాపుకి కరెంటు మిషను వచ్చింది. దాని స్విచ్చి పక్కన ఉంటుంది, చేత్తో నొక్కాలి. తొక్కుడు మిషను వెనక షెడ్డులో పొట్టు బస్తాల పక్కకి చేరింది. నా చెయ్యి కొత్త పద్ధతి నేర్చుకుంది గానీ కాలు నేర్చుకోలేదు. మిషను ఆపాలనుకున్నప్పుడల్లా చెయ్యి స్విచ్చి మీదకి వెళ్తే, కాలు నేలని గట్టిగా అదిమేది. ఏళ్ళ తరబడి అలా అదిమి అదిమి నా కుర్చీ ముందు సిమెంటు నున్నబడిపోయింది.

ఆ మిషనుతోపాటే అట్టపెట్టెలో ఒక కాలి స్విచ్చి కూడా వచ్చింది. మిషను ప్లగ్గుని దానికి తగిలిస్తే, కాలు ఆనించినంతసేపూ నడుస్తుంది, కాలు తీస్తే ఆగుతుంది. చేతులు రెండూ చెక్క మీదే ఉంచుకోవచ్చు. నాకది పిల్లల ఆటవస్తువులా కనబడింది. గోడకి మేకు కొట్టి తగిలించేశాను. దాని మీద రోజూ నా అన్నం సంచి తగిలించుకునేవాణ్ణి.

ఇక ఆ కాలు గలావిడ సంగతి. కొల్లేటికోటలో పుట్టి పెదపాడు కోడలైన మనిషి. భర్తకి చేపల చెరువుల మీద పని. ఆవిడ ఏలూరులో ఒక టైలరింగు షాపులో మోటారు మిషను మీద జాకెట్లు కుట్టేది. ఆ షాపు మూతపడ్డాక మా దగ్గర చేరింది, నేను కోసిన అక్షరాలకి ఉప్పు కాగితం పట్టి నునుపు చేసే పనికి. నెమ్మదస్తురాలు. “ఆయ్” అనకుండా మాట మొదలుపెట్టేది కాదు. ఆ కొత్తలో నాకు ఆవిడంటే అభిమానమే. మన కింద పని చేసినంతకాలం ఎవరి మీదైనా అభిమానం చూపించవచ్చు, దానికేం కష్టం లేదు.

ఒకసారి నేను టైఫాయిడ్‌తో మంచం పట్టాను. సరిగ్గా అప్పుడే ఒక బడి బోర్డు అర్జంటుగా ఇవ్వాల్సి వచ్చింది. మా యజమాని, అంటే పాత యజమాని గారి అబ్బాయి, మేమంతా బాబుగారు అంటాం, ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే ఆవిడ మేకు వైపు చూపించి, “అది మోటారు మిషను పెడలు లాంటిదే కదండీ బాబుగారూ? నేనోసారి చూడనాండీ?” అందట. చూసింది. బోర్డు అనుకున్న వేళకి వెళ్ళిపోయింది.

నేను తిరిగొచ్చేసరికి మేకు బోసిగా ఉంది. కాలి స్విచ్చి నా కుర్చీ ముందు, నేను నున్నబరిచిన సిమెంటు మీద ఉంది. కుర్చీలో ఆవిడ ఉంది.

“వచ్చేరా అండీ మేస్త్రి గారూ! ఒళ్ళెలా ఉందండీ?” అంటూ లేచి నిలబడింది.

“బానే ఉంది. నా సంచి తగిలించుకునే మేకు ఖాళీ చేసింది ఎవరు?”

“నేనేనండి. స్విచ్చి కావాల్సొచ్చి తీసేను. ఇప్పుడు మీ సంచికి ఇంకా బాగా చోటుందండి అక్కడ.”

ఆ మాటలో వెక్కిరింత ఏమీ లేదని నాకు తెలుసు. తెలిసినా ఆ రోజు నుంచి సంచి కిటికీ చువ్వకి తగిలించాను.

బాబుగారు ఆవిడ కోసం ఇంకో మిషను తెప్పించారు. నా కుర్చీ నాకు దక్కింది, కాలి స్విచ్చి మాత్రం ఆవిడతోపాటు పక్క మిషను కిందకి వెళ్ళిపోయింది. అక్కడి నుంచి మొదలైంది నా అవస్థ. పక్కకి చూడకూడదనుకుంటాను, చూస్తాను. ఆవిడ చెప్పు విడిచి బొటనవేలు ఆనించేది, రంపం కదిలేది. వేలు ఎత్తేది, ఆగేది. రెండు చేతులూ చెక్క మీద నుంచి లేచేవి కావు. కన్నంలోకి బ్లేడు దూర్చడం, బిగించడం, వేలు ఆనించడం, అన్నీ మాట్లాడుకుంటూనే చేసేది. నేను ఒక్క ‘మ’ కడుపు తీసేలోపు ఆవిడ మాటంతా తీసేది. వచ్చిపోయే ఖాతాదారులు ఇదివరకు నా వెనక నిలబడి చూసేవారు. ఇప్పుడు కొద్దిగా పక్కకి జరిగి నిలబడుతున్నారు. ఆ కొద్దిగా జరగడాన్ని నేను ఓరకంట కొలిచేవాణ్ణి.

“మేస్త్రి గారూ, మీరు కూడా అలాంటి స్విచ్చి పెట్టుకోకూడదాండీ? ఓ చెయ్యి మిగులుద్ది,” అన్నారు బాబుగారు ఒకసారి.

“కాలితో చేసేది పనేంటండీ బాబుగారూ? నాది చేతిపనండి,” అన్నాను. నేను జీవితం మొదలుపెట్టిందే తొక్కుడు మిషను మీదన్న సంగతి ఆ క్షణంలో గుర్తురాలేదు.

ఆవిడ వెనక షెడ్డులోకి అన్నానికి వెళ్ళగానే, కోసిపెట్టిన అక్షరం తీసుకుని అంచు వెంట గోరు రాసి చూసేవాణ్ణి. ఎక్కడైనా తప్పు దొరక్కపోతుందా అని. కొన్నాళ్ళకి దొరికింది. వంపు తిరిగే ప్రతిచోటా గోటికి తగిలేంత చిన్న నొక్కు. కాలు ఎత్తి, చెక్క తిప్పుకుని, మళ్ళీ కాలు ఆనించిన చోట బ్లేడు విడిచిన మచ్చ అది. నా అక్షరాల్లో అది ఉండదు, నేను వంపు దగ్గర ఆగను కాబట్టి. ఆ పూట నాకు పండగలా ఉంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే దిద్దుకుంటుంది కదా!

ఇలా లోలోపల ఉడుకుతున్న రోజుల్లో మా ఊరి చర్చి పని వచ్చింది. మా చర్చి దొరల కాలం నాటిది. దాని గోడలకి సున్నం కలిపినవాళ్ళలో మా తాత ఉన్నాడు, పైకప్పు మార్చినప్పుడు పెంకులు మోసినవాళ్ళలో మా నాన్న ఉన్నాడు. ఆమధ్య గోడలకి మళ్ళీ గిలాబా చేస్తే, ప్రసంగవేదిక వెనక రంగుతో రాసి ఉన్న బైబిలు వాక్యం కాస్తా పోయింది. ఈసారి రంగు కాదు, మందపాటి టేకులో అక్షరాలు కోయించి పెడదామన్నారు. లేజరు మిషను వద్దు, అంచులు నల్లగా కమురుతాయి, చేత్తోనే కోయాలన్నారు పాస్టరు గారు.

నేను నా జీవితంలో వేలకొద్దీ అక్షరాలు కోశాను. ఇల్లు చేతులు మారగానే పేరు పలక పొయ్యిలోకి పోతుంది. ఆసుపత్రి పేరు మారగానే బోర్డు పాత సామాన్లలోకి పోతుంది. నేను పోయాక కూడా గోడ మీద ఉండే పని ఏదైనా ఉందంటే అదొక్కటే. పైగా మా తాత సున్నం, మా నాన్న పెంకు, ఆ మధ్యలో నా అక్షరం. ప్రతి ఆదివారం దాని కింద కూర్చోవచ్చు. మా ఆవిడ అప్పుడే స్త్రీల కూడికలో అందరికీ చెప్పేసింది, “మా ఆయనే కోస్తున్నారండి,” అని.

బాబుగారు కొలతలు చూసి, గోడల పని అయినందుకు జరిపే కృతజ్ఞతారాధన ఎప్పుడో కనుక్కుని, “టైము తక్కువుందండి మేస్త్రి గారూ. చెరి సగం పంచుకోండి,” అన్నారు.

“ఒకే గోడ మీద రెండు చేతులు కనబడకూడదండి. మా చర్చండి అది. మొత్తం నేనే కోస్తాను.”

“చేత్తో ఆపుకుంటూ, చేత్తో వేసుకుంటూ కూచుంటే అవదండి. కాలి స్విచ్చి మీద అయితే మీకిస్తాను. కాదంటే ఆవిడే చేసేస్తారు. నన్నేం చెయ్యమంటారు చెప్పండి?”

మింగలేక కక్కలేక తల ఊపాను. ఇంతకాలం ఆటవస్తువన్న దాన్ని నేర్చుకోవాలి, అదీ ఆవిడ కంటపడకుండా. అందుకని ఆవిడ అన్నానికి వెళ్ళినప్పుడు ఆవిడ మిషను ముందు కూర్చుని తుక్కు చెక్క మీద అలవాటు చేసుకున్నాను. ఆనిస్తే నడుస్తుంది, తీస్తే ఆగుతుంది. ఇంతే కదా! ఆ రోజుల్లో ఆవిడ అన్నానికి మామూలుకంటే ఎక్కువసేపు తీసుకునేది. బాబుగారి చెవిన వేద్దామనుకున్నాను గానీ, ఆ ఆలస్యం నాకే కలిసొస్తోందని ఊరుకున్నాను.

పని మొదలుపెట్టాను. కాలి స్విచ్చి నా మిషను కిందకి వచ్చింది, ఆవిడ ఉప్పు కాగితం పట్టుకుంది. నిజం చెప్పాలంటే చాలా హాయిగా ఉంది. రెండు చేతులూ చెక్క మీద ఉంటే కన్నాలు తీయడం అంత సులువని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పారు, నేనే వినలేదు. కన్నాల దగ్గర స్విచ్చి వాడుకున్నాను, వంపుల దగ్గర నా పద్ధతిలోనే ఆగకుండా తిప్పాను. మాట తర్వాత మాట పూర్తవుతుంటే పక్కకి చూడాలనే అనిపించలేదు. ఇంకొంచెం పోతే ఆవిడ కాలి మీద నాకున్న కుళ్ళు పోయేదేమో కూడా.

చివరి మాట ‘ఘనత’. ఒక్కొక్క మాటా కింద సన్నటి పట్టీతో కలిసి ఒకే పలకలో రావాలి. ఒక్క అక్షరం మెడ తెగితే మాటంతా పోయినట్టే. ఆ రోజు పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని పాస్టరు గారు ఏలూరు వచ్చారు. ఆయనతో మా ఆవిడ కూడా వచ్చింది, మంచి చీర కట్టుకుని. నేను అప్పుడు ‘ఘ’ లో మెలి తిరిగే చోట ఉన్నాను.

“వందనాలు మేస్త్రి గారూ!” అన్నారు పాస్టరు గారు గుమ్మంలోంచే.

మా ఊళ్ళో పాస్టరు గారు వందనాలు చెబితే రెండు చేతులూ జోడించకుండా బదులు చెప్పినవాడు లేడు. చేతి స్విచ్చి ఉన్న రోజుల్లో అయితే ముందు మిషను ఆపేవాణ్ణి, తర్వాత దణ్ణం పెట్టేవాణ్ణి. ఇప్పుడు చేతులకి ఆ అడ్డు లేదు. వాటంతట అవే లేచి జోడించుకున్నాయి. పలక బ్లేడుతోపాటు పైకి లేచి టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నేను గాభరాగా మిషను ఆపబోయాను. అంటే అరికాలు మొత్తం పెట్టి బలంగా అదిమాను.

“కాలు తియ్యండి మేస్త్రి గారూ! కాలు!” ఆవిడ కేక.

“అదుముతూనే ఉన్నాను! ఆగట్లేదు!” అని అరిచాను నేను, ఇంకా గట్టిగా అదుముతూ.

ఆవిడ పరిగెత్తుకొచ్చి గోడలోంచి ప్లగ్గు లాగేసింది. అప్పటికే బ్లేడు అడ్డంగా పోయింది. ‘ఘ’ మెడ తెగి, సగం అక్షరం బల్ల మీద నుంచి జారి కింద పడింది. అది పడిన చప్పుడు చిన్నదే, షాపంతా వినబడింది. నేను ఇంకా అరికాలు అదిమే ఉన్నాను. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు గారు, “పర్లేదండి, పర్లేదండి, చేతికేం తగల్లేదు కదా,” అన్నారు. తగిలి ఉంటేనే బాగుండేది. కట్టు కట్టుకుని కూర్చుంటే జనం జాలిపడేవారు.

విరిగిన మాటని నేనే తుక్కులో పారేశాను. వాళ్ళు వెళ్ళిపోయాక బాబుగారు నెమ్మదిగా అన్నారు, “పలకలన్నీ ఒకే దుంగలోవి కావాలన్నారు కదండీ పాస్టరు గారు. ఆ దుంగ అయిపోయింది, పాత మాటలకి కొత్త టేకు రంగు కలవదండి. మొత్తం మళ్ళీ మొదలెట్టాలి. ఈసారి ఆవిణ్ణి చెయ్యనివ్వండి.” ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ స్విచ్చిని తిడదామనుకున్నాను గానీ, అది చెయ్యాల్సిన పని అది చేసింది. కాలు ఆనిస్తే నడుస్తానంది, నడిచింది.

ఆవిడ మొత్తం కోసింది, అనుకున్న టైము కంటే ముందే. నాకు మిగిలిన పని ఏమిటో మీరు ఊహించే ఉంటారు. ఉప్పు కాగితం. ఆవిడ ఏ పనికైతే మా షాపులో చేరిందో ఆ పని. ప్రతి వంపు దగ్గరా ఆ నొక్కులు గోటికి తగులుతూనే ఉన్నాయి. వదిలేస్తే ఎవరికీ కనబడవు, నాకు తప్ప. ప్రతి ఆదివారం వాటికేసి చూసుకుని సంతోషపడొచ్చు కూడా. కానీ అది మా తాత సున్నం కలిపిన గోడ. ఆవిడ మచ్చని దాని మీద ఉండనిస్తానా? ఒక్కొక్కటీ పనిగట్టుకుని తీసేశాను. ఇది మంచితనం అని మీరు పొరబడతారేమో, కాదు.

కృతజ్ఞతారాధన నాడు చర్చి నిండిపోయింది. బోర్డు బిగించడానికి బాబుగారూ ఆవిడా కూడా వచ్చి, వెనక వరసలో కూర్చున్నారు. మా ఆవిడ ముందు వరసలో కూర్చుంది. ఎవరు కోశారో నేను ఇంట్లోగానీ పాస్టరు గారికిగానీ చెప్పలేదు, మళ్ళీ కోశామని మాత్రం చెప్పాను. పాస్టరు గారు శాలువా చేతిలోకి తీసుకుని, “ఆ రోజు పలక విరిగినా పట్టు విడవకుండా మళ్ళీ మొత్తం కోసిచ్చిన మన మేస్త్రి గారు ముందుకి రావాలి,” అన్నారు. చప్పట్లు మోగాయి. నేను లేచి నడిచాను. శాలువా భుజం దాకా వచ్చింది.

అప్పుడు తలెత్తి ఆ అక్షరాలని చూశాను. చక్కగా ఉన్నాయి. వాటి కోతకి ఈ శాలువా నా మీద పడితే, నాకు నేనే ఆవిడ కంటే తక్కువ వాణ్ణని సంతకం పెట్టినట్టు. ఇంకొకరి పని ఇచ్చి నన్ను గొప్పవాణ్ణి చేస్తారా? అంత అవసరం నాకు లేదు. ఒళ్ళు మండిపోయింది.

“నేను కొయ్యలేదండి,” అన్నాను. “ఆ వెనక కూచున్నారు చూడండి, ఆవిడ కోసేరండి. పిలవండి.”

చర్చిలో గుసగుసలు లేచాయి. మా ఆవిడ తల దించుకుంది. కొల్లేరు ఆవిడ కొంగు సర్దుకుంటూ వచ్చి నిలబడి, పాస్టరు గారు మైకు పెడితే భయపడుతూ అంది, “ఆయ్, కోసింది నేనేనండి. కానండి, మచ్చలన్నీ తీసింది మేస్త్రి గారండి. ఉప్పు కాగితం అంతా ఆయనే పట్టేరండి.”

దానికి జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. శాలువా ఒక్కటే ఉంది, ఆవిడకి కప్పారు. ఇంటికి నడిచి వస్తుంటే మా ఆవిడ నాకంటే పది అడుగులు ముందే నడిచింది. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ, “ఉప్పు కాగితమాండీ?” అంది.

తర్వాత కొన్నాళ్ళకే నేను పని మానేశాను. నన్ను సాగనంపే రోజున బాబుగారు మిఠాయి తెప్పించి, దండ వేసి, “షాపులో గుర్తుగా మీకేం కావాలన్నా అడగండి మేస్త్రి గారూ,” అన్నారు. నేను ఆలోచించాల్సిన పని లేదు. వెనక షెడ్డులో పడి ఉన్న తొక్కుడు మిషను అడిగాను.

బాబుగారు ఇబ్బందిగా నవ్వారు. “అది... ఆవిడ ఎప్పుడో అడిగేసేరండి. సరేనన్నాను.”

కుర్చీ పోయింది, మేకు పోయింది, గోడ పోయింది, చివరికి ఎవరికీ అక్కర్లేని ఇనప ముక్క కూడా ఆవిడకే పోవాలా? దండ మెడలో ఉండగానే వెనక షెడ్డులోకి వెళ్ళాను. ఆవిడ బస్తాలు పక్కకి జరిపి ఆ మిషనుకి నూనె వేస్తోంది. పెడలు మీద తుప్పు లేదు. ఈమధ్యది కాదు ఆ మెరుపు, చాలాకాలంగా తొక్కుతున్నది.

“కాలి స్విచ్చి ఉంది కదమ్మా నీకు. ఇదెందుకు?”

ఆవిడ నూనె డబ్బా కింద పెట్టింది. మిషను బల్ల సొరుగు లాగి ఒక ముక్క తీసి నా చేతిలో పెట్టింది. విరిగిన ‘ఘ’. నేను తుక్కులో పారేసిందే.

“గోరు పెట్టి చూడండి మేస్త్రి గారూ. విరిగినా గానీ ఎక్కడా మచ్చ లేదండి. నాకు కాలెత్తితే ఆగిపోద్ది, ఆగినకాడల్లా నొక్కు పడిపోద్ది. మీరు ఉప్పు కాగితంతో తీసేసేరు చూడండి, అప్పుడు నాకు తల కొట్టేసినట్టయ్యిందండి. అంతకుముందు నుంచీ అన్నం టైములో దీని మీద కూచుని తొక్కుతున్నాను. మీ వంపు నాకు రావట్లేదండి. మీ అచ్చరాలు చూసినప్పుడల్లా...” ఆగి, తల దించుకుని అంది, “కడుపు మండిపోయేదండి. ఏమనుకోకండి.”

ఏమనుకుంటాను! ఆవిడ నా మిషను మీద, నేను ఆవిడ మిషను మీద, ఒకే అన్నం వేళ, ఒకరికి తెలియకుండా ఒకరు. నా ఉద్యోగంలో ఎవరూ నన్ను అంత బాగా మెచ్చుకోలేదు. నాకు శాలువా లేదన్న బాధ అక్కడితో పోయింది.

“ఒకసారి తొక్కి చూపిస్తారాండీ?”

కూర్చున్నాను. తుక్కు చెక్క తీసుకుని, గీత కూడా గీయకుండా, ఒక ‘ఘ’ తిప్పాను. వేళ్ళు తొక్కాయి, వంపు దగ్గర మడమ ఆనింది, చక్రం నెమ్మదించింది, చెక్క తిరిగింది. చివర్లో అరికాలు అదిమాను. ఆగింది. ఇన్నాళ్ళూ నన్ను నలుగురిలో నవ్వులపాలు చేసిన కాలు, దాని చోట అది కరెక్టుగానే ఉంది. ఆవిడ వంగి నా కాలికేసి చూస్తోంది. ఆ చూపు నేను గుర్తుపట్టాను. నేను ఏళ్ళ తరబడి ఆవిడ కాలిని చూసిన చూపే.

“వేళ్ళతోనే కదండీ తొక్కేది?” అని అడిగింది.

“ఆ, వేళ్ళతోనే,” అన్నాను.

మడమ సంగతి చెప్పలేదు. లుంగీ అంచు మడమ మీదకి పడి ఉంది, ఆవిడకి కనబడలేదు. మిషను ఆవిడకే వదిలి, దండ సంచిలో పెట్టుకుని, పాసింజరు ఎక్కి వచ్చేశాను. దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను.

ఈమధ్య మా ఊళ్ళో రైతు సంఘం వాళ్ళు కొత్త భవనం కట్టారు. గుమ్మం పక్కనే చెక్క బోర్డు. ఏలూరు నుంచి తెప్పించామన్నారు. ఎవరూ లేని సమయం చూసి దగ్గరికి వెళ్ళాను. ‘సంఘం’ లో ‘ఘ’ మీద గోరు పెట్టి మొదటి నుంచి చివరి దాకా రాశాను. మళ్ళీ రాశాను. ఇంకో వేలితో రాశాను. మచ్చ లేదు. ఎక్కడా లేదు. ఎవరూ చెప్పకుండానే మడమ సంగతి కనిపెట్టేసింది.

ఇంటికొచ్చి కంచం ముందు కూర్చున్నాను. అన్నం కలపబుద్ధి కాలేదు. మా ఆవిడ చారు గిన్నె పట్టుకుని నిలబడి నా మొహం కేసి చూసి, “ఏవండీ, ఎక్కడో ఆవిడ బోర్డు చూసొచ్చేరు కదూ?” అంది.

 బల్ల కింద నా అరికాలు నేలని గట్టిగా అదిమి పట్టుకుని ఉంది, ఆపడానికి. ఆగలేదు.